డిగ్రీలో చేరిన కొత్తలో బ్యాండులోకి వెళ్లాలనుకుంటే: ఏ దారి ఎవరికి కుదురుతుంది?

డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ విధానమైన దోస్త్‌లో సీటు ఖరారై తరగతులు మొదలైన రెండు మూడు వారాలకే, నల్లగొండలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా, డిగ్రీ కళాశాల నోటీసు బోర్డు మీద ఎన్‌సీసీ ఎంపికల కాగితం, సాంస్కృతిక బృందానికి పేర్లు ఇవ్వమనే కాగితం పక్కపక్కనే కనిపిస్తాయి. గురుకులంలో సైడ్ డ్రమ్ కొట్టి వచ్చినవారు, ఇంట్లో తాత డప్పు కాచుతుంటే చూస్తూ పెరిగినవారు, ఏ వాయిద్యమూ ముట్టకపోయినా ఆగస్టు 15న పరేడ్ గ్రౌండ్‌లో బ్యాండు నడిచి వెళ్తుంటే ఒళ్లు పులకరించినవారు ఆ బోర్డు ముందు కాసేపు ఆగుతారు. అమెరికాలో మాదిరిగా విశ్వవిద్యాలయానికి ఒకటే పెద్ద బ్యాండు ఉండి, అందులో చేరాలా వద్దా అని తేల్చుకుంటే సరిపోయే పరిస్థితి మన దగ్గర లేదు. ఇక్కడ నడుస్తూ వాయించే పని నాలుగు చోట్ల చెదిరి ఉంది. పై చదువుకు అమెరికా వెళ్లేవారికి ఐదో దారి కూడా ఉంటుంది.

నేను డిగ్రీ మూడేళ్లూ ఎన్‌సీసీలో సైడ్ డ్రమ్ కొట్టాను. ఆ తర్వాత కొన్నేళ్లుగా సాయంత్రం పూట విద్యార్థి బృందాలకు దరువు నేర్పుతున్నాను. ఇన్నేళ్లలో మధ్యలో మానేసినవారిని చాలామందినే చూశాను గానీ, వాయించడం రాక మానేసినవారు అందులో కొద్దిమందే. తక్కినవారంతా సమయం కుదరక మానేశారు. అందువల్ల ఈ పోలికను వాయిద్యంతో కాక బస్సుతో మొదలుపెడుతున్నాను.

## పేరు ఇచ్చే ముందు తేల్చుకోవలసినవి

మొదటిది మీ రాకపోకలు. హాస్టల్‌లో ఉండేవారికి ఉదయం ఆరు గంటల సాధన ఒక అలవాటు మాత్రమే. చండూరు, మునుగోడు వైపు నుంచి నల్లగొండకో, దేవరకద్ర, కోయిల్‌కొండ వైపు నుంచి మహబూబ్‌నగర్‌కో రోజూ పల్లెవెలుగులో వచ్చి పోయేవారికి అది తెల్లవారుజామున నాలుగున్నరకు లేవడం. 2023 డిసెంబరు 9 నుంచి ఆడపిల్లలకు ఆర్టీసీలో టికెట్ ఖర్చు తప్పింది గానీ, సాధన ముగిసేసరికి ఆఖరి బస్సు వెళ్లిపోతే ఉచిత టికెట్టు ఎందుకూ కొరగాదు. బ్యాండు విషయంలో ఇది ఇంకా గట్టిగా పట్టించుకోవలసిన సంగతి, ఎందుకంటే పాటల పోటీకి ఒకరు రాకపోతే ఆ ఒక్కరి పాటే పోతుంది, నడిచే వరుసలో ఒకరు లేకపోతే వరుసంతా మళ్లీ సర్దుకోవాలి.

రెండోది, వాయిద్యం రాత్రి ఎవరి దగ్గర ఉంటుందన్నది. కళాశాల బీరువాలో తాళం వేసి ఉండే ట్రంపెట్ మీద వారానికి రెండు గంటలు వాయించే విద్యార్థికి పెదవి బిగువు కుదరడానికి నెలలు పడుతుంది. డ్రమ్ముకు ఆ ఇబ్బంది తక్కువ. పాత టైరు ముక్కను చెక్కకు మేకులతో బిగించుకుంటే ఇంటి అరుగు మీదనే కుడి కుడి, ఎడమ ఎడమ అంటూ రోజూ అరగంట చేతులు తిప్పుకోవచ్చు. మొదటి వాయిద్యం ఏదని అడిగే కొత్తవారికి, ప్రత్యేకించి రోజూ ఊరి నుంచి వచ్చేవారికి, నేను డ్రమ్మునే సూచించడానికి కారణం అదే.

మూడోది, చెవితో నేర్చుకుంటారా, కాగితం చూసి నేర్చుకుంటారా అన్నది. డప్పు, పెళ్లి బ్యాండు పూర్తిగా చెవి విద్యలు. సైనిక పద్ధతిలో నడిచే బ్యాండ్లు స్వరలిపి చదవడం ఆశిస్తాయి, కనీసం అది నేర్చుకునే ఓపికనైనా ఆశిస్తాయి. ఒకటి గొప్ప, ఒకటి తక్కువ అని కాదు. అయితే వాయిద్యంతోనే ఉద్యోగం వెతుక్కోవాలనుకునేవారికి ఏదో ఒక స్వరలిపి వచ్చి ఉండటం తర్వాత ఎంతో పనికి వస్తుంది. భారత వాయుసేన అగ్నివీర్‌వాయు మ్యుజీషియన్ ఎంపికల్లో వాయించే నైపుణ్యంతో పాటు దాన్నీ చూస్తారు.

నాలుగోది చెవుల రక్షణ. దీని గురించి ఎవరూ మాట్లాడరు, నేను కూడా ఆలస్యంగానే తెలుసుకున్నాను. అమెరికాలో పనిచేసే చోట ఆరోగ్యాన్ని పరిశీలించే నియోష్ సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెళ్ల శబ్దంలో రోజుకు 8 గంటలకు మించి ఉండకూడదు. శబ్దం 3 డెసిబెళ్లు పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగానికి పడిపోతుంది కనుక 100 డెసిబెళ్ల దగ్గర మిగిలేది 15 నిమిషాలే. డ్రమ్ముల వరుస మధ్యలో నిలబడినా, గదిలో పది డప్పులు ఒకేసారి మోగినా ఆ స్థాయి దాటడం కష్టమేమీ కాదు. మందుల దుకాణంలో దొరికే నురుగు ప్లగ్గులు పెట్టుకుంటే వెక్కిరించేవారుంటారు, వెక్కిరించనివ్వండి.

## ఎన్‌సీసీ బ్యాండు

క్రమశిక్షణతో, ఖర్చు లేకుండా, చేతికి ఒక సర్టిఫికెట్ వచ్చేలా నేర్చుకోవాలంటే ఈ దారికి సాటి వచ్చేది మన జిల్లాల్లో మరొకటి లేదు. డిగ్రీలో ఇది సీనియర్ డివిజన్, ఆడపిల్లలకు సీనియర్ వింగ్. యూనిఫాం ఖర్చు వారే ఇస్తారు. రెండో ఏడు ముగిసేసరికి బి సర్టిఫికెట్, మూడో ఏట సి సర్టిఫికెట్ పరీక్ష రాయాలంటే పరేడ్‌లలో 75 శాతం హాజరు, నిర్ణీత క్యాంపులు తప్పనిసరి. సి సర్టిఫికెట్‌లో కనీసం బి గ్రేడు, డిగ్రీలో 50 శాతం మార్కులు ఉన్నవారు సైన్యంలో అధికారులుగా చేరడానికి ఉన్న ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీకి దరఖాస్తు చేసుకోవచ్చు, దానికి రాత పరీక్ష ఉండదు, ఎంపికైన దరఖాస్తుదారులు నేరుగా ఎస్‌ఎస్‌బీ (సర్వీసెస్ సెలెక్షన్ బోర్డు) ఇంటర్వ్యూకు వెళ్తారు.

ఇక్కడ కొత్తవారు పడే పొరపాటు ఒకటుంది. ఎన్‌సీసీలో చేరడం వేరు, ఎన్‌సీసీ బ్యాండులో ఉండటం వేరు. ప్రతి కళాశాల యూనిట్‌లోనూ బ్యాండు ఉండదు. చాలాచోట్ల ముందు మీరు క్యాడెట్, డ్రిల్లు నేర్చుకుంటారు, క్యాంపులో వాయించగలవారిని ఏరినప్పుడు ముందుకు వస్తారు. అందుకే ఎంపికల రోజునే అక్కడి ఎన్‌సీసీ అధికారిని నేరుగా అడగండి: మన యూనిట్‌లో వాయిద్యాలు ఉన్నాయా, నేర్పేవారు ఎవరు, గత ఏడాది ఎవరైనా బ్యాండుకు ఎంపికయ్యారా? మూడింటికీ సమాధానం తడబడితే మీరు చేరబోయేది డ్రిల్లులోనని అర్థం చేసుకోండి. డ్రిల్లు కూడా మంచిదే, కానీ క్లారినెట్ నేర్చుకోవాలని వచ్చినవారికి అది చాలదు.

వాయించడం మొదలుపెట్టాక అసలు కష్టం చేతుల్లో కాదు, కాళ్లలో తెలుస్తుంది. తేజ్ చల్ అన్న ఆదేశం పడగానే నిమిషానికి 120 అడుగులు, ఒక్కొక్క అడుగు 30 అంగుళాలు. అంటే సెకనుకు రెండు అడుగులు వేస్తూ, ఎడమ కాలు నేలను తాకే క్షణంలోనే బేస్ డ్రమ్ దెబ్బ పడాలి. ఆదేశాలన్నీ హిందీలో ఉంటాయి కనుక తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలకు మొదటి వారం కుడికి తిరగమనే దాహినే ముడ్‌కూ ఎడమకు తిరగమనే బాయే ముడ్‌కూ తికమక పడటం మామూలే. సైడ్ డ్రమ్ భుజం పట్టీకి వేలాడుతూ ఎడమ తొడ మీద ఆనుతుంది. మొదటి క్యాంపు ముగిసేసరికి నా తొడ మీద అరచేయంత నీలం మచ్చ తేలింది. ప్యాంటు లోపల చేతి రుమాలు మడిచి పెట్టుకోవాలని ఒక సీనియర్ చెప్పింది ఆ తర్వాతే. జనగణమన పూర్తిగా వాయించడానికి 52 సెకన్లు పడుతుంది, మొదటి ఏడాది అంతా మేము ఆ 52 సెకన్ల కోసమే సాధన చేశామంటే అతిశయోక్తి కాదు.

దీనికి చెల్లించే మూల్యం చదువు వైపు ఉంటుంది. జనవరి 26న ఢిల్లీ కర్తవ్యపథ్‌లో నడిచే ఎన్‌సీసీ బ్యాండు బృందాల్లో చోటు కావాలంటే అంతకు నెలల ముందు నుంచే వరుస క్యాంపుల్లో నెగ్గుతూ పోవాలి. ఆ కాలం సరిగ్గా బేసి సెమిస్టర్ పరీక్షల మీద పడుతుంది. ఆర్ట్స్, కామర్స్ విద్యార్థులు ఎలాగో నెట్టుకొస్తారు; ప్రాక్టికల్స్ ఎక్కువగా ఉండే సైన్స్ విద్యార్థులు మాత్రం విభాగాధిపతితో ముందే మాట్లాడుకొని, ఆ మాటను కాగితం మీద పెట్టించుకోవాలి.

## కళాశాల సొంత బ్యాండు

కొన్ని కళాశాలలు జూన్ 2, ఆగస్టు 15, జనవరి 26 వేడుకల కోసం ఓ పది పదిహేను మందితో డ్రమ్ముల బృందాన్ని పెట్టుకుంటాయి. చేరడం తేలిక, ఎంపిక నామమాత్రం, సాధన వేడుకకు ముందు మూడు వారాలే. నడుస్తూ వాయించడం తనకు ఇష్టమో కాదో ఇంకా తెలియని విద్యార్థికి ఇది మంచి మొదటి మెట్టు.

దీని లోపం కూడా అక్కడే ఉంది. వేడుక అయిపోగానే వాయిద్యాలు స్టోరు గదిలోకి వెళ్లిపోతాయి. నేను కొంతకాలం నేర్పిన ఒక కళాశాలలో, పేరు అనవసరం, రెండో ఏడాది జూలైలో గది తెరిస్తే నాలుగు సైడ్ డ్రమ్ముల తోలు వదులైపోయి, ఒకదానికి ఎలుక కొట్టిన కన్నం పడి ఉంది. కొత్త తోలు కోసం పెట్టిన అర్జీకి సమాధానం వచ్చేసరికి ఆగస్టు 15 దాటిపోయింది, ఆ ఏడు మా పిల్లలు రెండు డ్రమ్ములతోనే నడిచారు. ఏటా ఎంత బాగా మొదలైనా, బాధ్యత తీసుకున్న అధ్యాపకుడు బదిలీ అయితే బృందం ఆగిపోతుంది. కాబట్టి దీన్ని ఒక్క ఏడాది అనుభవంగానే లెక్కపెట్టుకోండి.

## డప్పు, జానపద వాద్య బృందం

పాలమూరు విశ్వవిద్యాలయంలో గానీ, నల్లగొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయంలో గానీ, వాటి అనుబంధ కళాశాలల్లో గానీ చదివే విద్యార్థికి విశ్వవిద్యాలయం పేరు మీద బయటి వేదిక ఎక్కే అవకాశం ఎక్కువగా ఈ దారిలోనే దొరుకుతుంది. భారత విశ్వవిద్యాలయాల సంఘం నడిపే యువజనోత్సవాల్లో జానపద వాద్య బృందం, జానపద నృత్యం, సాంస్కృతిక ఊరేగింపు వంటి విభాగాలున్నాయి. ముందు దక్షిణ మండల స్థాయి, అక్కడ గెలిస్తే జాతీయ స్థాయి. వయసు పరిమితి 25 ఏళ్లు కనుక మధ్యలో చదువు ఆపి ఆలస్యంగా చేరినవారు ఒకసారి లెక్క చూసుకోవాలి.

డప్పు తేలిక అనుకునేవారు దాన్ని పట్టుకొని చూడలేదన్నమాట. కుడి చేతిలో పొట్టిగా లావుగా ఉండే సిర్ర, ఎడమ చేతిలో సన్నని చిటికెన పుల్ల. ఆ ఎడమ చేయే డప్పు అంచును కూడా మోయాలి. సిర్ర దెబ్బ దరువును నిలబెడితే చిటికెన పుల్ల దాని సందులను నింపుతుంది. కొత్తవారి ఎడమ మణికట్టు పది నిమిషాల్లో పట్టేస్తుంది. వాయించే ముందు ఎండుగడ్డి మంట వేసి, డప్పును దాని మీద తిప్పుతూ కాచుతారు. కాచక ముందు మెత్తగా, తడిగుడ్డ మీద కొట్టినట్టు పలికిన తోలు, వేడికి బిగిశాక వేలితో తాకినా ఖంగుమంటుంది. వాన ముసురు పట్టిన రోజున ప్రతి అరగంటకూ మళ్లీ మంట దగ్గరికి వెళ్లవలసిందే. ఆ బాధ పడలేక ఈ మధ్య చాలా బృందాలు ఫైబర్ డప్పులకు మారాయి. అవి వానకు చలించవు, కాచే పని లేదు, మోత కూడా పెద్దదే. కానీ దరువు అడుగున వినిపించే ఆ లోతైన గుమ్ము వాటిలో రాదన్నది నా అభిప్రాయం. పోటీకి వెళ్లే బృందమైతే తోలు డప్పుతోనే వెళ్లాలని గట్టిగా చెబుతాను.

పెళ్లికి ఒక దరువు, జాతరకు ఒకటి, చావుకు ఒకటి ఉన్న ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలకు ఇందులో సగం విద్య చెవుల్లో ముందే ఉంటుంది. దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరలో రెండేళ్లకోసారి మోగే భేరీలను, కురుమూర్తి జాతర ఊరేగింపును దగ్గరి నుంచి విన్న విద్యార్థికి, యూట్యూబ్‌లో చూసి నేర్చుకున్న విద్యార్థికి తేడా మొదటి రోజే తెలిసిపోతుంది.

ఇంకొక మాట చెప్పకుండా ముందుకు పోవడం సరికాదు. డప్పును మాదిగ కులానికి అంటగట్టి, కొట్టేవారిని ఊరి చివర నిలబెట్టిన ఊళ్లే మనవి. ఇప్పుడు కళాశాల వేదిక మీద అన్ని కులాల పిల్లలూ డప్పు పట్టుకుంటున్నారు, అది సంతోషించవలసిన మార్పే. అయితే ఆ దరువులను తరాలుగా కాపాడిన పెద్దమనిషిని గురువుగా పిలిచి, ఆయనకు ప్రయాణ ఖర్చులతో పాటు రోజు కూలికి తగ్గని పైకం ఇచ్చే బృందంలో చేరండి. సెల్‌ఫోన్‌లో రికార్డు చేసుకొని పంపించివేసే బృందాలు కూడా ఉన్నాయి.

## పెళ్లి బ్యాండు

ఇంటి నుంచి డబ్బు అడగలేని విద్యార్థులు ఈ దారిని సహజంగానే ఆలోచిస్తారు. ట్రంపెట్, క్లారినెట్, యుఫోనియం, డ్రమ్ములతో బారాత్‌లకు వెళ్లే బృందంలో చేరితే వాయిద్యం మాస్టర్‌దే, నేర్పేదీ ఆయనే, వెళ్లిన రాత్రికి చేతికి డబ్బు వస్తుంది. వేగంగా నేర్చుకోవడంలో దీనికి మించిన బడి లేదు. కొత్త పాట సాయంత్రం ఫోన్‌లో విని రాత్రికి వాయించక తప్పదు కదా.

లెక్క తప్పేది క్యాలెండరు దగ్గర. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, జ్యేష్ఠం, శ్రావణం ముహూర్తాల నెలలు, ఆషాఢంలో ఖాళీ. సరి సెమిస్టర్ పరీక్షలు వేసవి ముహూర్తాలతో పాటే నెత్తిన పడతాయి. బయానా తీసుకున్న మాస్టర్ మీ పరీక్ష చూసి పెళ్లి వాయిదా వేయించలేడు. రాత్రి ఒంటిగంట దాకా బారాత్‌లో ఊది ఉదయం ల్యాబుకు వచ్చిన పిల్లల కళ్లు ఎలా ఉంటాయో చూసినవాడిని గనుక, మొదటి ఏడాది ఈ దారి వద్దని, ఆర్థిక అవసరం తప్పనిసరి అయితే శని, ఆదివారాలకే ఒప్పుకోమని చెబుతాను. ఆడపిల్లలకు ఈ బృందాల్లో చోటు ఇప్పటికీ చాలా అరుదు, దాన్ని మార్చే ప్రయత్నం ఎవరైనా చేస్తే నా పూర్తి మద్దతు ఉంటుంది.

## అమెరికా విశ్వవిద్యాలయంలో చేరబోయేవారికి

ఎంఎస్‌కో బీఎస్‌కో వెళ్లబోతూ అక్కడి మార్చింగ్ బ్యాండులో మనల్ని రానిస్తారా అని నన్ను అడిగినవారు కొందరున్నారు. చాలా విశ్వవిద్యాలయాల్లో సంగీతం చదవనివారు కూడా చేరవచ్చు, బ్యాండు సభ్యుల్లో ఇంజినీరింగ్ విద్యార్థులు మెండుగా ఉంటారు. ఇండియానా రాష్ట్రంలోని పర్డ్యూ విశ్వవిద్యాలయ బ్యాండు 1886లో ఐదుగురు డ్రమ్మర్లతో సైనిక శిక్షణ కోసం మొదలైంది, మన ఎన్‌సీసీ బ్యాండుకు అది దూరపు బంధువన్నమాట. కానీ తర్వాత వారి దారి అమెరికన్ ఫుట్‌బాల్ మైదానం వైపు మళ్లింది. వరుసలో నేరుగా నడవడం కాక, ఆట మధ్య విరామ సమయంలో మైదానం మీద బొమ్మలు, అక్షరాలు గీసేలా కదలడం వారి విద్య. ఐదు గజాలకు ఎనిమిది అడుగులు, అంటే అడుగుకు 22.5 అంగుళాలు. ఎన్‌సీసీలో 30 అంగుళాలకు అలవాటైన కాలికి ఆ పొట్టి అడుగు మొదట్లో సంకెల వేసినట్టే ఉంటుంది.

చూసుకోవలసినవి రెండు. బ్యాండు శిబిరం సాధారణంగా ఆగస్టులో, తరగతులకు ముందే జరుగుతుంది. ఎఫ్-1 అనే విద్యార్థి వీసాతో చదువు మొదలయ్యే తేదీకి 30 రోజుల ముందు వరకే దేశంలోకి రానిస్తారు కనుక విమాన టికెట్ కొనకముందే రెండు తేదీలూ పక్కపక్కన పెట్టుకొని చూడండి. రెండోది, ఆ బ్యాండులో మీ వాయిద్యం ఉందా అన్నది. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయ బ్యాండులో ఇత్తడి వాయిద్యాలు, డ్రమ్ములే ఉంటాయి, క్లారినెట్‌కు చోటు లేదు. శరదృతువులో ఆట ఉన్న శనివారం పూర్తిగా బ్యాండుకే పోతుందని కూడా లెక్కవేసుకోండి. అసిస్టెంట్‌షిప్ చేస్తూ ఎంఎస్ చదివేవారికి ఇది బరువే. బీఎస్‌కు వెళ్లేవారు మాత్రం సందేహించకుండా ప్రయత్నించవచ్చు.

## ఒక్కచోట చూస్తే

| దారి | సమయం | వాయిద్యం | చేతికి వచ్చేది | ఇబ్బంది |
|---|---|---|---|---|
| ఎన్‌సీసీ బ్యాండు | వారం వారం పరేడ్, పైగా క్యాంపులు | యూనిట్‌ది | బి, సి సర్టిఫికెట్లు | బేసి సెమిస్టర్ పరీక్షలు |
| కళాశాల బ్యాండు | వేడుకకు ముందు మూడు వారాలు | కళాశాలది | మొదటి అనుభవం | కొనసాగదు |
| డప్పు బృందం | పోటీకి ముందు రోజూ సాయంత్రం | సొంతం చేసుకోవచ్చు | విశ్వవిద్యాలయ ప్రాతినిధ్యం | మంచి గురువు దొరకాలి |
| పెళ్లి బ్యాండు | ముహూర్తాన్ని బట్టి, రాత్రులు | మాస్టర్‌ది | డబ్బు, వేగం | నిద్ర, చదువు |
| అమెరికా బ్యాండు | ఆగస్టు శిబిరం, శనివారాలు | పెద్దవి వారివే | వందల మందితో నడవడం | ప్రయాణ తేదీలు |

## ఎవరికి ఏది

హాస్టల్‌లో ఉంటూ, యూనిఫాం ఉద్యోగం మీద మనసున్నవారు ఎన్‌సీసీని వదులుకోవద్దు. బ్యాండు దొరక్కపోయినా ఆ మూడేళ్లు వృథా కావు. రోజూ ఊరి నుంచి వచ్చే విద్యార్థికి, ముఖ్యంగా సాయంత్రం ఐదున్నర బస్సు తప్పితే దారి లేని ఆడపిల్లకు, డప్పు బృందమే మేలని నా తీర్పు. వాయిద్యం ఇంటికి వెంట తీసుకెళ్లవచ్చు, మధ్యాహ్నం ఖాళీ పీరియడ్లలో కూడా సాధన కుదురుతుంది. గురుకులంలో ముందే నేర్చుకొని వచ్చినవారు కళాశాల బ్యాండులో చేరితే నెలకే విసుగొస్తుంది, నేరుగా ఎన్‌సీసీ అధికారి దగ్గరికి వెళ్లడం మంచిది. ఇష్టమో కాదో తెలియనివారికి కళాశాల బ్యాండు ఉంది. రెండు బృందాల్లో ఒకేసారి చేరాలనుకునేవారికి మాత్రం నా సమాధానం వద్దనే, ఎందుకంటే ఆగస్టు 15 ఉదయం రెండూ ఒకే గంటకు మిమ్మల్ని అడుగుతాయి.

పేరు ఇచ్చే ముందు ఒక సాయంత్రం సాధన జరిగే చోటికి వెళ్లి చివర నిలబడి చూడండి. సీనియర్లు తప్పు చేసిన జూనియర్‌ను పక్కకు పిలిచి చేతిని సరిచేస్తున్నారా, అందరి ముందు అరుస్తున్నారా? వాన చినుకు పడగానే ముందు ఎవరు పరుగెత్తుతున్నారు, ఉత్త చేతులతో ఉన్నవారా, వాయిద్యాలు పట్టుకున్నవారా? ఆ తర్వాత డ్రమ్ము తీసుకోవాలనుకుంటే పుల్లల జత మాత్రం సొంతంగా కొనుక్కొని వెళ్లండి. కళాశాల పెట్టెలో రెండూ ఒకే బరువున్న పుల్లలు దొరకడం నేను ఇంతవరకు చూడలేదు.